చేదు వెళ్ళే దారి

కామెర్లొచ్చిన కంటికి లోకమంతా పచ్చనే అంటారు.
అబద్ధం.
ఎదెల్మీరా వెంచుయాన్ కంటికి
తెముకో వాన వాన రంగులోనే ఉంది,
కట్టెపొయ్యిల పొగ పొగ రంగులోనే ఉంది.
పచ్చగా కనిపించింది మాకే, ఆమె.

పదకొండేళ్ళ కిందట
కడుపు కోసి గుడ్డంత సంచీ మిగిల్చారు.
పేగుని పైకి లాగి దానికి కుట్టారు.
మిగతా కడుపుని పారేయలేదు,
పారేయరు,
మూతి కుట్టి ఉన్నచోటే వదిలేస్తారు.
అన్నం ఒక దారిన, పసరు ఒక దారిన పోయి
ఎక్కడో చాలా కింద కలుసుకుంటాయి.

"మా ఊరి రైలు లాగే" అంది,
నేను సూది గుచ్చుతుంటే.
వాళ్ళ నాన్న పాయింట్లు మార్చే మనిషి.
కొత్త లైను పడ్డాక స్టేషన్ని కూల్చలేదట,
రైళ్ళు ఆపడం మానేశారట, అంతే.
ఆయన మాత్రం ఇంకో మూడేళ్ళు
రోజూ వెళ్ళి లీవర్లకి నూనె రాసి వచ్చేవాడట.
"జీతం?" అన్నాను.
నవ్వింది. ఆ ముఖంలో పళ్ళొక్కటే తెల్లగా.

తగ్గిన నలభై కిలోలు ఊరికే పోలేదు,
పోతూ పోతూ రాళ్ళు పెట్టి పోయాయి.
పిత్తాశయం తీసేసినా
ఒకటి జారి వాహికలో దాక్కుంది.

డాక్టర్ ఇతుర్రా పొడుగు గొట్టం తీశాడు,
అందరికీ వేసేది కాదు.
అందరికీ అయితే గొంతు, కడుపు, మలుపు, తలుపు.
ఈమెకి సందు చివరిదాకా దిగి
కూడలిలో వెనక్కి తిరిగి
ఎదురెక్కుతూ పైకి రావాలి.
బెలూన్ ఉబ్బించి, లాగి, వదిలి, మళ్ళీ ఉబ్బించి,
లంగాకి బొందు ఎక్కించినట్టు
పేగుని కుచ్చులు కుచ్చులుగా గొట్టానికి తొడుగుతూ.
నా పని పొట్ట మీద చేతులు పెట్టి నొక్కడం.
ఇక్కడ. కాదు, బొడ్డు పక్కన. ఇంకాస్త.
అరచేతుల కింద కొస కదులుతోంది,
దుప్పటి కింద పిల్లిలా.

రెండు గంటల పది నిమిషాలు.
తర్వాత పిల్లి కదల్లేదు.
"ఇక రాదు" అన్నాడు ఇతుర్రా, గోడతో అన్నట్టు.
అతని తప్పు కాదు.
చేతి నేర్పుకీ ఒక పొడవుంటుంది.

ఆ రాత్రి ఇంట్లో రొట్టెపిండి పిసుకుతుంటే
చేతులు దాంట్లో కూడా
మలుపు కోసం వెతికాయి.

గురువారం సర్జన్ మగాలీ ఓయర్సూన్ వచ్చింది.
పొట్టకి నాలుగు చిల్లులు.
ఆ పాత కడుపునే పట్టి గోడదాకా తెచ్చి
దానికో కిటికీ కోసింది.
కిటికీలోంచి ఇతుర్రా లోపలికి.

నేను తెర వైపు చూశాను.
ఎండిపోయి ఉంటుందనుకున్నాను,
పాడుబడ్డ ఇంటి బావిలా.
తడిగా ఉంది.
గులాబీ రంగు.
పదకొండేళ్ళుగా ఒక్క మెతుకు రాకపోయినా
ఆమ్లం ఊరుతూనే ఉంది.
చివర ద్వారం, నిన్న సాయంత్రమే
ఎవరో నూనె రాసి వెళ్ళినట్టు,
మెత్తగా తెరుచుకుంది.
మలుపు.
తలుపు.
తీగ లోపలికి, చిన్న కోత, తీగలబుట్ట విచ్చుకుని
ముడుచుకుని వెనక్కి వస్తే
అందులో కందిగింజంత రాయి.
దాని వెనకే పసరు,
ఎవరి కోసమూ ఆగకుండా.

మగాలీ కిటికీ మళ్ళీ కుట్టేసింది.

మెలకువొచ్చాక ఎదెల్మీరా
రాయి గురించి అడగలేదు.
"ఎలా ఉంది?"
"ఏది?"
"పాతది."
ఏం చెప్పాలో తోచక
"పని చేస్తోంది" అన్నాను.
కాసేపు కప్పు వైపు చూసి
"జీతం?" అంది.
నవ్వబోతే కుట్లు లాగాయి.
ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టాను,
ఈసారి నొక్కకుండా.